కెమో వార్డులో బ్యాటరీ పిల్లి: కొనేముందు ఇది చదవండి

ముందే చెప్పేస్తాను. ఇంట్లో బిడ్డకి పెద్ద జబ్బు చేసి నెలల తరబడి ఆసుపత్రుల్లో గడపాల్సి వస్తే, పదివేలు పెట్టగలిగే స్తోమత ఉంటే, బ్యాటరీ పిల్లి, అంటే సెల్లులతో కదిలే పిల్లి బొమ్మ, కొనండి. దాన్ని మంచం మీద పెట్టేసి మన పని మనం చూసుకుందాం అనుకుంటే మాత్రం కొనకండి. పక్కన పెద్దవాళ్ళు ఒకరు కూర్చుని ఆ ఆటలో తామూ కలిస్తేనే అది పనికొస్తుంది. ఈ మాట ఎందుకంటున్నానో కింద వివరంగా రాస్తున్నాను.

నాది కావలి. ఆడవాళ్ళ బట్టలు కుడతాను. మా అక్క వాళ్ళది తుమ్మలపెంట వైపు, సముద్రం పక్క పల్లె. అక్క కూతురికి ఆరేళ్ళు. రక్తంలో క్యాన్సర్, ఏ.ఎల్.ఎల్. అన్నారు. పిల్లలకి వచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే, సరిగ్గా మందులు పడితే ఎక్కువమంది బాగవుతారు అని డాక్టరమ్మ ధైర్యం చెప్పింది. కాకపోతే మందులు రెండు మూడేళ్ళ పాటు నడవాలి. కెమో, అంటే క్యాన్సర్‌కి ఎక్కించే మందులు, మద్రాసులో. మధ్యలో జ్వరం వస్తే రైలెక్కే వ్యవధి ఉండదు కాబట్టి నెల్లూరు. బావ వేటకి పోతేనే ఇల్లు గడుస్తుంది, అందుకని ఆసుపత్రిలో ఉండేది అక్కా నేనూ. నేను పక్కన లేని రోజుల్లో మిషను మీద పని, మిషను మీద లేని రోజుల్లో పినాకిని ఎక్స్‌ప్రెస్.

పాపకి ఇంటి దగ్గర ఒక పిల్లి ఉండేది. చేపల తలకాయలు తిని బలిసిన చారల పిల్లి. డాక్టరమ్మ మొదట్లోనే గట్టిగా చెప్పింది, పిల్లినీ కుక్కనీ దగ్గరికి రానివ్వద్దని. కెమో మందులకి తెల్ల రక్తకణాలు పడిపోతాయి. వార్డులో అందరూ ‘కౌంటు పడింది’ అనేది దాన్నే. ఆ సమయంలో పిల్లి గీరినా, దాని మలం చేతికి తగిలినా, మామూలు పిల్లలకి ఏమీ చేయని క్రిములే ఈ పిల్లల ప్రాణం మీదికి తెస్తాయి. పిల్లిని మా అమ్మ దగ్గరికి పంపేశాం. జుట్టు ఊడినప్పుడు పాప పెద్దగా పట్టించుకోలేదు. పిల్లి కోసం మాత్రం ఏడ్చింది.

డల్లాస్‌లో ఉండే మా చిన్నాన్న కొడుకు ఈ సంగతి విని, అక్కడ వృద్ధుల కోసం అమ్మే బ్యాటరీ పిల్లి ఒకటి కొని, తెలిసినవాళ్ళు వస్తుంటే వాళ్ళ పెట్టెలో పంపించాడు. మన లెక్కలో పదివేలు దాటింది. ‘ఏందిమే, బొమ్మకి అంత డబ్బా’ అని మా అమ్మ అడిగింది. అడగాల్సిన ప్రశ్నే.

కంపెనీ పేరు రాయను. ఇలాంటి బొమ్మలు చేసే కంపెనీలు ఒకటికి మించి ఉన్నాయి. నేను చెప్పబోయే మంచీ చెడూ మా చేతికి వచ్చిన బొమ్మ గురించి.

పిల్లి నిజం పిల్లి సైజే. పడుకున్న భంగిమలో ఉంటుంది, లేచి నడవదు. పొట్ట కింద చిన్న తలుపు, అందులో నాలుగు మీడియం సెల్లులు, పక్కనే స్విచ్చి. చెంప మీద చెయ్యి పెడితే తల అటు తిప్పుతుంది. వీపు నిమిరితే కళ్ళు మెల్లగా మూసుకుని గురగురమంటుంది, ఆ గురగుర చేతికి వణుకులా తెలుస్తుంది. ఇంకా నిమిరితే పక్కకి ఒరుగుతుంది. అప్పుడప్పుడు ముందు కాలెత్తి నాక్కుంటున్నట్టు చేస్తుంది. కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే నిద్రపోతుంది. అంతే. మాటల్లేవు, పాటల్లేవు, ఫోనుకి కలపడం లేదు. ఆసుపత్రిలో వైఫై కోసం తిప్పలు పడే పని లేకపోవడం పెద్ద సుఖం.

పాప దాన్ని చేతిలోకి తీసుకోగానే చేసిన పని, తిరగేసి పొట్ట కింద తలుపు తెరవడం.

‘ఇది నిజం పిల్లి కాదు పిన్నీ. కడుపులో సెల్లులు ఉండాయి.’

‘అవునమ్మా.’

కాసేపు చూసి, ‘దీనికి జొరం ఉండాది. చెయ్యి పెట్టి చూడు’ అంది.

మరబొమ్మకి ప్రాణం ఉందని పిల్లల్ని నమ్మించడం తప్పు కదా అని చాలామంది అడుగుతారు. మేం ఎవరం నమ్మించలేదు. అది బొమ్మ అని పాపకి తెలుసు, తెలిసే జ్వరం ఉందంది. ఆరేళ్ళ పిల్లలకి ఈ రెండూ ఒకే మనసులో పడతాయి. వార్డులో చూసిన మిగతా పిల్లలూ అంతే.

ఇక అసలు సంగతి. వార్డులో పిల్లల మీద అందరూ ఏదో ఒకటి చేస్తూనే ఉంటారు. ఒకరు జ్వరం చూస్తారు, ఒకరు రక్తం తీస్తారు, ఒకరు మాత్ర మింగమంటారు, ఒకరు నోరు పుక్కిలించమంటారు. పిల్ల చేతిలో ఉండే పని ఒక్కటీ ఉండదు. పిల్లి వచ్చాక మా పాపకి పని దొరికింది. పిల్లికి జ్వరం చూడాలి, మందు పట్టాలి, దుప్పటి కప్పాలి. మా ఇంట్లో ఉదయగిరి చెక్క చెంచా ఒకటి ఉంటే తెమ్మని, దానితో పిల్లికి సిరప్ పట్టేది. ఖాళీ చెంచానే, కానీ కొలత ప్రకారం. ఒక తమిళ సిస్టరు, సూది లేని కాన్యులా గొట్టం ముక్క తెచ్చి పిల్లి ముందు కాలికి ప్లాస్టరుతో అంటించింది. ఆ తర్వాత పాప చేతికి సూది పెట్టాల్సి వచ్చినప్పుడల్లా ముందు పిల్లికి పెట్టేది. ‘చెయ్యి బిగించకు. పది లెక్కపెట్టు. అయిపోయింది, అయిపోయింది’ అని సిస్టర్లు తనకి చెప్పేవన్నీ పిల్లికి చెప్పేది.

ఒకరోజు అలా చెబుతూ, ‘నువ్వు అన్నం తినలేదు. అందుకే నీకు ఈ సూదులు’ అంది.

అక్క నా వైపు చూసింది. అన్నం తినకపోతే సూది వేయిస్తానని పిల్లల్ని బెదిరించడం మన ఊళ్ళలో ఇంటింటా వినిపించే మాట. ఈ బిడ్డ ఇన్నాళ్ళూ కెమో అంతా తను అన్నం తినకపోవడానికి శిక్ష అనుకుంటోంది. మమ్మల్ని ఒక్కసారి కూడా అడగలేదు. పిల్లికి చెప్పింది. అక్క వెంటనే పిల్లినే ఒళ్ళో పెట్టుకుని, ‘నీ తప్పేం లేదే, నీ రక్తంలో చెడ్డ కణాలు చేరాయి, వాటిని తరమడానికి ఈ మందు’ అని పిల్లికి చెప్పినట్టు చెప్పింది. పాప వింటూ కూర్చుంది. తర్వాత డాక్టరమ్మతో ఈ మాట అంటే, జబ్బు తమ తప్పువల్లే వచ్చిందని లోపల కుమిలే పిల్లలు చాలామంది ఉంటారని, అది బయటికి రావడమే కష్టమని చెప్పింది.

నాకు ఆ ఒక్క సంగతితోనే పదివేలూ చెల్లిపోయాయి. పక్కన అక్క లేకుండా పిల్లి ఒక్కటే ఉంటే ఆ మాట గాల్లో కలిసిపోయేది. పెద్దవాళ్ళు పక్కన ఉండాలని మొదట రాసింది అందుకే.

ఆ తర్వాత ఇలాంటివి లోకంలో ఇంకేమున్నాయో ఫోన్లో వెతికి చదివాను. ఇంగ్లీషు అర్థం కానిచోట మా అబ్బాయి చదివి చెప్పాడు. అమెరికాలో అఫ్లాక్ అనే బీమా కంపెనీ, స్ప్రౌటెల్ అనే సంస్థ చేత ఒక బాతు తయారు చేయించి, 2018 నుంచి క్యాన్సర్ ఉన్న పిల్లలకి ఉచితంగా ఇస్తోంది. ఆ బాతుతో ముఖాలు గీసిన గుండ్రటి బిళ్ళలు వస్తాయి. ఈరోజు నీకు ఎలా ఉందో ఆ బిళ్ళ తీసి బాతు రొమ్ముకి తాకిస్తే, బాతు కూడా అలాగే దిగులుగానో హుషారుగానో కదులుతుంది. బిడ్డ నోరు తెరిచి చెప్పలేనిది బిళ్ళ చెబుతుంది. బాతుకి కూడా కెమో గొట్టం తగిలించి మందు ఎక్కించే ఆట ఆడుకోవచ్చు. పై తొడుగు విప్పి ఉతకొచ్చు. మా వార్డులో సిస్టరు ప్లాస్టరు ముక్కతో చేసిన పనే అక్కడ డాక్టర్లనీ పిల్లలనీ అడిగి మరీ బొమ్మలో పెట్టారు. ఈ బాతు మనకి దొరికితే నా మొదటి ఓటు దానికే.

అమెరికాలోనే బోస్టన్‌లో ఉన్న పిల్లల ఆసుపత్రిలో ఎం.ఐ.టి. అనే విశ్వవిద్యాలయం వాళ్ళతో కలిసి ‘హగ్గబుల్’ అని ఒక ఎలుగుబంటి మరబొమ్మని వాడి చూశారు. 3 నుంచి 10 ఏళ్ళ పిల్లలు 54 మంది. కొందరికి కదిలి మాట్లాడే ఎలుగుబంటి, కొందరికి తెర మీద అదే ఎలుగుబంటి, కొందరికి మామూలు మెత్తటి బొమ్మ. 2019లో పీడియాట్రిక్స్ అనే పిల్లల వైద్య పత్రికలో వేశారు. మెత్తటి బొమ్మ ఇచ్చిన పిల్లలకన్నా కదిలే ఎలుగుబంటితో ఆడిన పిల్లల్లో ఉల్లాసం ఎక్కువ కనిపించిందట. అమ్మ అడిగిన ప్రశ్నకి ఇందులో సగం జవాబుంది: మోటారుకి పెట్టిన డబ్బు వృథా కాదు. మిగతా సగం ఏమంటే, ఆ ఎలుగుబంటి తనంతట తాను మాట్లాడలేదు. పక్కన కనపడకుండా ఒక మనిషి కూర్చుని దాన్ని నడిపించారు, దాని గొంతుతో పలికారు. అంత పెద్ద చోట కూడా బొమ్మ వెనక మనిషి కావలసి వచ్చింది.

సీల్ అనే సముద్ర జంతువు పిల్లలా చేసిన జపాన్ మరబొమ్మ ‘పారో’ గురించి చదువుతుంటే మాత్రం మా పాపే గుర్తొచ్చింది. తకనోరి షిబాతా అనే ఇంజినీరు 1993లో మొదలుపెట్టి తయారు చేశాడు. 2005 నుంచి అక్కడ అమ్ముతున్నారు, 2009లో అమెరికా ప్రభుత్వం దాన్ని వైద్య పరికరంగా గుర్తించింది. బరువు 2.7 కిలోలు, ఒళ్ళో పెట్టుకుంటే అప్పుడే పుట్టిన బిడ్డంత. నోట్లో పాలపీక పెడితే అదే చార్జింగు. ఆయన ముందు కుక్క, పిల్లి బొమ్మలు కూడా చేసి చూశాడట. జనం వాటిని నిజం పిల్లితో పోల్చి పెదవి విరిచారట. సీల్‌ని ఇంట్లో పెంచినవాళ్ళు ఎవరూ ఉండరు కాబట్టి పోలిక రాదని దాన్ని ఎంచుకున్నాడు. మా పాపా పోల్చింది. ‘మన పిల్లి దగ్గర చేపల వాసన వచ్చేది. దీని దగ్గర పెట్టె వాసన వస్తాది’ అంది. చాలాసేపు మొహం తిప్పేసుకుంది కూడా. ఇంట్లో నిజం పిల్లి ఉన్న బిడ్డకి బ్యాటరీ పిల్లి కాకుండా వేరే జంతువు తీసుకోవడం మంచిదని నా సలహా. పారో ధర ఆరువేల డాలర్ల దాకా ఉంటుంది, అంటే అయిదు లక్షల మాట. కుటుంబాలు కొనేది కాదు, పెద్ద ఆసుపత్రులు ఆలోచించాల్సినది.

సోనీ కంపెనీ మరకుక్క ‘ఐబో’ 1999లో మొదట వచ్చింది, 2006లో ఆపేసి 2018లో కొత్తది తెచ్చారు. టోక్యోలో జాతీయ పిల్లల వైద్య కేంద్రంలో ఎక్కువకాలం ఉండే పిల్లల దగ్గర దాన్ని ఉంచి పరిశీలించారు. 2018లో 1,98,000 యెన్లకి అమ్మిన ఆ కుక్కలో నా కంటికి ముందు ఆనింది, దాని ఒంటి మీద బొచ్చు లేకపోవడం. ఒళ్ళంతా గట్టి ప్లాస్టిక్, తుడిచేస్తే శుభ్రం.

ఎందుకంటే మా పిల్లితో అసలు చిక్కు బొచ్చే. లోపల మోటారు ఉంది కాబట్టి నీళ్ళలో ముంచలేం. బొచ్చు విడిగా ఊడి రాదు. ముసలివాళ్ళ కోసం చేసినది, కెమో పిల్లల కోసం ఆలోచించి చేసినది కాదు. ఒకసారి శానిటైజరుతో తుడిస్తే మెడ దగ్గర బొచ్చు ఉండలు కట్టి చీపురు పుల్లల్లా గట్టిపడింది. డాక్టరమ్మని అడిగితే, బొమ్మ కొత్తదై ఉండాలి, ఈ పాప ఒక్కతే వాడాలి, పైన ఉతికే కవరు ఉండాలి, కౌంటు బాగా పడిపోయినప్పుడు నన్ను అడగకుండా ఇవ్వద్దు అంది. మీరు కూడా మీ డాక్టర్నే అడగండి. ఒక్కో వార్డుకి ఒక్కో పద్ధతి.

కవరు సంగతి కాస్త ఎక్కువ రాస్తాను. ఇక్కడ నాకు తెలిసిన పని ఉంది.

పాప్లిన్‌తో కుడితే చెంప దగ్గర చెయ్యి పెట్టినా పిల్లి తల తిప్పలేదు, బట్ట మందం వల్ల. మల్ కాటన్ మెత్తగా బాగుంది కానీ రోజూ వేడినీళ్ళలో ఉతికితే నిలవలేదు. జాకెట్లకి వాడే టూ బై టూ రూబియా సరిగ్గా కుదిరింది. పలచగా ఉంటుంది, స్పర్శ లోపలికి తెలుస్తుంది, మరిగే నీళ్ళు తట్టుకుంటుంది. బట్టని ముందే నానబెట్టి ఆరేసి, ఆ తర్వాతే కత్తిరించండి, లేకపోతే ఒక్క ఉతుక్కే కుంచించుకుపోయి పిల్లికి పట్టదు. జిప్పు వద్దు, గీరుకుంటుంది. గుండీలు, పూసలు, లేసు అసలు వద్దు, పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. వెల్క్రోలో దారప్పోగులూ దుమ్మూ చేరి ఎంత ఉతికినా పోవు. పొట్ట కింద నాడాలు పెట్టి ముడి వేయడమే మంచిది. స్విచ్చి దగ్గర ఒక చీలిక వదలండి. కళ్ళు, ముక్కు దగ్గర తెరిచి ఉంచి అంచు మడిచి కుట్టండి. ఒక జాకెట్ ముక్కలో కవరూ టోపీ రెండూ వస్తాయి. మూడు కవర్లు ఉంటే ఒకటి ఒంటి మీద, ఒకటి ఉతుకులో, ఒకటి సంచీలో.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. బొచ్చు కింద అంతా గట్టి ప్లాస్టిక్. కెమోలో ప్లేట్‌లెట్లు, అంటే రక్తం గడ్డకట్టించే కణాలు, పడిపోయినప్పుడు చిన్న దెబ్బకే ఒళ్ళు కమిలిపోతుంది. నిద్రలో పిల్లి మీదికి ఒరిగితే దాని కాళ్ళ అంచులు గుచ్చుకుంటాయి. కవరు లోపల ముందు కాళ్ళ దగ్గర పలచటి స్పాంజి పొర పెట్టి కుట్టాను. అది కూడా ఉతికితే త్వరగా ఆరేటంత పలచగా ఉండాలి.

కవరు వేస్తే మెత్తటి బొచ్చు తగలదు, పాపకి నచ్చదేమో అని టెన్షన్ పడ్డాను. చిలకపచ్చ కవరు తొడిగి ఇస్తే చేత్తో తడిమి, ‘దీనికి కూడా జుట్టు ఊడిపోయిందా’ అంది. అదే బట్టతో తనకీ టోపీ కుట్టమంది. ఆ తర్వాత ఆ కవరు విప్పమని ఎప్పుడూ అడగలేదు.

నడుములో సూది వేసే రోజుల గురించి అడుగుతారేమో. ఆ గదిలోకి పిల్లిని రానివ్వరు, రానివ్వకూడదు కూడా. సూది నొప్పిని బొమ్మ తగ్గిస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి, దానికి డాక్టర్లు ఇచ్చే మందే దారి. పిల్లి చేసిందల్లా తలుపు దాకా. పొద్దుటి నుంచి పరగడుపున ఉంచుతారు, ఎప్పుడు పిలుస్తారో తెలియదు, ఆ ఎదురుచూపే పిల్లల్ని ఎక్కువ బెదరగొడుతుంది. ఆ సమయమంతా పాప చెయ్యి పిల్లి వీపు మీద ఉండేది. పిలిచినప్పుడు నా చేతిలో పెట్టి, ‘ఏడిస్తే వీపు నిమురు, పొట్ట నిమరబాకు’ అని అప్పగింతలు పెట్టి వెళ్ళేది. అంతకుముందు ఇద్దరు పట్టుకుంటే గానీ లోపలికి వెళ్ళని పిల్ల.

స్టెరాయిడ్లు ఇచ్చే రోజుల్లో మాత్రం పిల్లి కూడా ఏమీ చేయలేకపోయింది. ఆ మాత్రలకి ఆకలి విపరీతం, కోపం విపరీతం. అర్ధరాత్రి చేపల పులుసు కావాలని ఏడుపు. అలాంటి ఒకరోజు పిల్లిని విసిరికొట్టింది. ముందు కాలు కదలడం ఆగిపోయింది. మన దగ్గర దీనికి సర్వీసు సెంటరు లేదు, విడిభాగాలు దొరకవు. మిక్సీలు బాగుచేసే అతను విప్పి చూసి, లోపల ప్లాస్టిక్ పళ్ళచక్రం విరిగిందని, ఉన్నంతలో సర్ది ఇచ్చాడు. ఇప్పుడు కాలు లేస్తుంది కానీ సగం దాకే. కాలికి కట్టు కట్టి వాడుతున్నాం. పదివేల వస్తువు బాగుచేయించుకునే దారి లేకపోవడం నాకు చాలా అసంతృప్తి. కొనేవాళ్ళు ఇది లెక్కలో పెట్టుకోండి.

శబ్దం ఇంకో ఇబ్బంది. తల తిప్పేటప్పుడు లోపల మోటారు గిర్రుమంటుంది. పగలు తెలియదు. రాత్రి వార్డు సద్దుమణిగాక పక్క మంచం దాకా వినిపిస్తుంది, ఇక మ్యావ్ అందంటే నిద్రపోయిన పసివాళ్ళు లేస్తారు. స్విచ్చికి మధ్యలో ఇంకో మెట్టు ఉంది, అక్కడ పెడితే అరవదు, వణుకు మాత్రం ఉంటుంది. రాత్రిళ్ళు అదే వాడండి. పాపకి నిద్రపట్టేది ఆ వణుకుకే. సెల్లులు కూడా ముందే కొని ఉంచుకోండి. కావలిలో పెన్సిల్ సెల్లులు, టార్చిలైట్ పెద్ద సెల్లులు ఏ కొట్లో అయినా ఇస్తారు, మీడియం సైజు కోసం తిరగాలి. నెల్లూరు ట్రంకు రోడ్డులో దొరికాయి.

జ్వరంతో నెల్లూరులో ఒక ఆసుపత్రిలో చేరినప్పుడు పిల్లిని గేటు దగ్గరే ఆపేశారు. బొమ్మలు లోపలికి రావు, అంతే అన్నారు. ఉతికిన కవరు చూపించినా వినలేదు. క్రిముల భయం నాకూ తెలుసు, కౌంటు లేనప్పుడు వద్దంటే సరే. కానీ ఎందుకు వద్దో, ఎప్పుడు ఇవ్వొచ్చో చెప్పే మనిషి ఒక్కరు లేరు. అదే ఆసుపత్రిలో ప్రతి మంచం మీదా ఫోన్లు ఉన్నాయి, ఎన్ని చేతులు మారినవో, ఎప్పుడూ తుడవనివి. పిల్లల వార్డు నడిపేవాళ్ళు ఏ బొమ్మ పర్వాలేదు, దాన్ని ఎలా శుభ్రం చేయాలి అని తలుపు మీద ఒక కాగితం అంటించడం పెద్ద ఖర్చేం కాదు. ఆ బిడ్డలకి అది చాలా పెద్ద సంగతి.

ఫోను మాట వచ్చింది కాబట్టి. ఫోను ఇస్తే పాప ఊరుకుంటుంది, ఆ మాట నిజమే. సెలైన్ ఎక్కినంతసేపూ కదలదు, మెదలదు, మనతో మాట్లాడదు. పిల్లిని ఇస్తే మాట్లాడుతూనే ఉంటుంది. పిల్లితో, నాతో, సిస్టరుతో, పక్క మంచం పిల్లాడితో. నాకు ఆ మాటలు కావాలి. ఎక్కడ నొప్పి, దేనికి భయం అన్నీ ఆ మాటల్లోనే దొర్లుతాయి.

ఆ పక్క మంచం పిల్లాడు పిల్లి కావాలని ఏడ్చేవాడు. ఇవ్వలేం, ఒక బిడ్డ బొమ్మ ఇంకో బిడ్డకి ఇవ్వకూడదు. వాళ్ళది కనిగిరి వైపు. ప్రభుత్వ కార్డు మీద వైద్యం, వచ్చిపోయే చార్జీలకే అప్పులు. వాళ్ళకి పదివేల పిల్లి గురించి చెప్పడానికి నాకు నోరు రాలేదు. రూబియా ముక్కల్లో కొత్త పాలిస్టర్ దూది కూరి ఒక గుడ్డ కుక్కని కుట్టిచ్చాను. ఒంగోలు గిత్తలాగా మూపురం పెట్టమన్నాడు, పెట్టాను. రొమ్ము మీద మందు గొట్టం, కాలికి ప్లాస్టరు. వాళ్ళ నాన్న రోజూ దానికి రక్తపరీక్ష చేసి, చీటీ మీద కౌంటు రాసేవాడు. మోటారు లేదు, గురగుర లేదు, చెయ్యి పెడితే తిరిగి చూడదు. నిద్రపుచ్చడంలో మా పిల్లికి సాటిరాదు. కానీ డాక్టరాట ఆడుకోవడానికి, లోపలి భయం బయటికి రావడానికి అది బాగానే సరిపోయింది. నాన్న పక్కన కూర్చున్నాడు కాబట్టి.

కాబట్టి డబ్బుంటే బ్యాటరీ పిల్లి, రెండు కవర్లు ఎక్కువ, మీడియం సెల్లులు నాలుగు అదనం. డబ్బు లేకపోతే ఉడకబెట్టగలిగే గుడ్డబొమ్మ. అప్పు చేసి మాత్రం కొనొద్దు, ఆ డబ్బు మందులకి కావాలి. మూడేళ్ళ లోపు పసివాళ్ళకి బ్యాటరీది అసలు వద్దు, బరువు, గట్టిదనం రెండూ ప్రమాదమే. పదేళ్ళు దాటిన పిల్లలకి నచ్చుతుందో లేదో కొనే ముందు వాళ్ళనే అడగండి. ఎంత నచ్చినా మొదటి మోజు కొన్నాళ్ళకి తగ్గుతుంది, పిల్లి చేసేవి అవే నాలుగు పనులు కదా. మా పాప ఇప్పుడు బాగున్న రోజుల్లో దాన్ని ముట్టుకోదు, ఆసుపత్రి సంచీ సర్దుతున్నప్పుడు మాత్రం ముందు దాన్నే పెట్టమంటుంది.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎవరి బిడ్డకైనా ఇలాంటి బొమ్మ ఉండి కవరు కావాలంటే నేను కుట్టి ఇస్తాను. బట్ట ఖర్చు కూడా నాదే. ముక్కు నుంచి తోక మొదలు దాకా పొడవు, మెడ చుట్టు, పొట్ట చుట్టు, ముందు కాలు పొడవు, స్విచ్చి ఎక్కడుందో ఇవి కావాలి. టేపు లేకపోతే దారంతో కొలిచి, ఒక్కో కొలతకి ఒక్కో దారం కత్తిరించి, ఏది దేనిదో చీటీ కట్టి పంపండి. బిడ్డకి ఏ రంగు ఇష్టమో అడిగి అది కూడా రాయండి.